పికప్ తగ్గితే డీజిల్ కల్తీయేనా?

సెకండ్ హ్యాండ్‌లో కొన్న డీజిల్ బండికి పికప్ తగ్గిందనగానే హైదరాబాదులోని అమీర్‌పేటలో గానీ పంజాగుట్టలో గానీ రెండే తీర్పులు వినిపిస్తాయి. ఒకటి, డీజిల్ కల్తీ అయింది, ట్యాంకు దించి కడగాలి. రెండోది, ఇంజెక్టర్లు పోయాయి, పంపు కూడా చూడాలి. రెండూ నిజం కావచ్చు. కానీ వాటిలో ఏది నిజమో, లేక రెండూ కావో తేల్చగల సాక్ష్యం బండిలోనే ఉంటుంది. డీజిల్ ఫిల్టర్ అడుగున, గ్లాసుడు కూడా ఉండని ఇంధనంలో ఉంటుంది. మనవాళ్లు మొట్టమొదట చేసే పని ఆ పాత ఫిల్టర్‌ను విప్పి చెత్తలో పడేయడం, అందులోని డీజిల్‌ను మోరీలో ఒంపేయడం. ఆ తరువాత బండి బాగుపడినా అది ఎందుకు పాడైందో తెలియదు. బాగుపడకపోతే ఖర్చు వేలు దాటి లక్ష వైపు పరుగెడుతుంది. కాబట్టి పికప్ పోయిన బండిని ఏ వరసలో పరీక్షించాలన్నది ఏ భాగం ఖరీదైనదన్న లెక్కతో నిర్ణయించకూడదు. ఏ సాక్ష్యం ముందుగా చెరిగిపోతుందన్న లెక్కతో నిర్ణయించాలి. నా వాదన ఇదే.

డీజిల్ ఇంజన్లో స్పార్క్ ప్లగ్ ఉండదు. పిస్టన్ గాలిని పదహారు నుంచి ఇరవై రెట్ల దాకా కుదిస్తే ఆ గాలి 500 డిగ్రీల సెల్సియస్ దాటి వేడెక్కుతుంది. ఆ వేడిలోకి చిమ్మిన డీజిల్ దానంతటదే అంటుకుంటుంది. రుడాల్ఫ్ డీజిల్ 1892లో పేటెంట్ కోరిన ఆలోచన మూలంలో ఇంకా అలాగే ఉంది, మారింది చిమ్మే పద్ధతి. 1997లో ఆల్ఫా రోమియో 156తో కార్లలోకి వచ్చిన కామన్ రైల్ ఏర్పాటు ఇప్పుడు మన వీధుల్లోని దాదాపు ప్రతి డీజిల్ కారులోనూ ఉంది. మారుతి స్విఫ్ట్‌లో 2007 నుంచి తిరిగిన 1.3 లీటర్ల ఫియట్ ఇంజన్ కూడా ఆ జాతిదే. ఇందులో పంపు డీజిల్‌ను రైల్ అనే ఒక ఉక్కు గొట్టంలోకి 1,600 బార్ల దాకా, అంటే మన చుట్టూ ఉన్న గాలి పీడనానికి 1,600 రెట్ల ఒత్తిడితో నింపుతుంది. అక్కడి నుంచి మిల్లీమీటరులో ఎనిమిదో వంతు ఉండే రంధ్రాల గుండా ఇంజెక్టర్లు దాన్ని మంచులా చిమ్ముతాయి. ఇంజెక్టర్ లోపల కదిలే భాగాల మధ్య సందు రెండు మూడు మైక్రాన్లు మాత్రమే. తల వెంట్రుక మందం 70 మైక్రాన్ల దగ్గర ఉంటుందని గుర్తుంచుకుంటే ఆ సందు ఎంత సన్ననిదో తెలుస్తుంది. ఈ పంపుకీ ఇంజెక్టర్లకీ వేరే ఆయిల్ ఏదీ అందదు. డీజిలే వాటికి ఆహారం, డీజిలే కందెన. అందుకే ఇంధనంలో లోపం వస్తే మంట బలహీనపడడంతో ఆగదు, లోహం కూడా అరుగుతుంది.

కల్తీ అనగానే మనవాళ్లకు ముందు గుర్తొచ్చేది కిరోసిన్. దానికి చరిత్ర ఉంది. రేషన్ కిరోసిన్‌కూ బంకు డీజిల్‌కూ మధ్య ధరల అంతరం ఏళ్ల తరబడి ఈ వ్యాపారాన్ని పోషించింది. 2005 నవంబరులో ఉత్తరప్రదేశ్‌లోని లఖీంపూర్ ఖీరీ జిల్లాలో కల్తీ బంకు మీద చర్య తీసుకున్న ఇండియన్ ఆయిల్ అధికారి మంజునాథ్‌ను కాల్చి చంపారు. ఇరవై ఏడేళ్ల యువకుడు. ఈ నేరం వెనక ఎంత డబ్బుందో దేశానికి అప్పుడు తెలిసింది. 2014 అక్టోబరులో డీజిల్ ధర మీద నియంత్రణ తీసేశారు. 2016 నుంచి రేషన్ కిరోసిన్ ధర కొద్దికొద్దిగా పెంచుతూ 2020 నాటికి సబ్సిడీ భారం లేకుండా చేశారు. కిరోసిన్ కలపడంలో అప్పటంత లాభం ఇప్పుడు లేదు. చౌక ద్రావకాలు, బయోడీజిల్ పేరుతో అమ్మే నాసిరకం నూనెల బెడద మాత్రం మిగిలే ఉంది.

అయినా అసలు ప్రశ్న వేరు. కిరోసిన్ కలిస్తే పికప్ పోతుందా? లెక్క వేద్దాం. డీజిల్ సాంద్రత ఘనమీటరుకు 830 కిలోలు, కిరోసిన్‌ది 800 అనుకుందాం. వంద లీటర్లలో ఇరవై లీటర్లు కిరోసినే అయినా ఆ మిశ్రమం సాంద్రత 824 దగ్గర ఉంటుంది. కిలో లెక్కన రెండూ ఇచ్చే వేడి ఇంచుమించు సమానం కనుక లీటరుకు తగ్గే శక్తి ఒక శాతం లోపే. అయిదో వంతు కల్తీ జరిగినా వంద గుర్రాల శక్తి గల ఇంజన్లో ఒక్క గుర్రం కూడా పూర్తిగా తగ్గదు. దాన్ని ఏ డ్రైవరు కాలూ పసిగట్టలేదు. కాబట్టి నిన్న డీజిల్ పోయించి ఇవాళ పికప్ సగానికి పడిపోయిన బండిలో కిరోసిన్‌ను నిందిస్తే ఆ మాట లెక్కకు నిలవదు. కిరోసిన్ చేసే హాని నెమ్మదైనది. దాని చిక్కదనం తక్కువ, లోహాల మధ్య జారుడు పొరగా నిలిచే గుణం తక్కువ. నెలల తరబడి వాడితే పంపు అరిగి, ఇంజెక్టర్లు కారి, అప్పుడు పికప్ పోతుంది. పైగా ఇప్పటి డీజిల్‌కు ఆ గుణం సహజంగానే పలచన. హైదరాబాదులో 2010లో గంధకం పరిమితి 50 పీపీఎంకు, 2020 ఏప్రిల్లో బీఎస్-6తో 10 పీపీఎంకు దిగింది. గంధకాన్ని తీసే శుద్ధిలోనే సహజమైన కందెన గుణం కూడా పోతుంది. దాన్ని ప్రత్యేక రసాయనాలతో తిరిగి నింపుతారు. అలా నింపిన కొద్దిపాటి రక్షణను కల్తీ మళ్లీ పలచన చేస్తుంది. పొరపాటున పెట్రోలు పోసిన సందర్భం మాత్రం వేరు. అది కుదింపు వేడికి సులువుగా అంటుకోదు కనుక తేడా ఆ రోజే తెలుస్తుంది.

సాంద్రత కొలిస్తే కల్తీ దొరికిపోతుంది కదా అనవచ్చు. బంకులో హైడ్రోమీటరు, థర్మామీటరు, మార్పిడి పట్టిక చూపించమని అడిగే హక్కు మనకు ఉంది. 15 డిగ్రీలకు మార్చిన కొలతకూ, బంకు రికార్డులో రాసిన కొలతకూ మధ్య తేడా 3 కిలోలు దాటకూడదు. అడగవలసిన పరీక్షే ఇది. కానీ దీనికి రెండు పరిమితులున్నాయి. ఒక్కో డిగ్రీ వేడికి డీజిల్ సాంద్రత దాదాపు 0.7 కిలోలు తగ్గుతుంది. వేసవిలో 35 డిగ్రీల దగ్గర కొలిస్తే 830 ఉండవలసిన మంచి డీజిల్ 816 చూపిస్తుంది. పట్టిక తిప్పనివారు దాన్ని కల్తీ అనేస్తారు, నిర్దోషి దోషి అవుతాడు. ఇక అయిదు శాతం కిరోసిన్ కలిపినవాడి డీజిల్లో తేడా ఒకటిన్నర కిలోలే. అతను 3 కిలోల సడలింపులో హాయిగా దాక్కుంటాడు. వడపోత కాగితం మీద చుక్క వేసే పరీక్ష పెట్రోలుది. డీజిల్ ఎంత మంచిదైనా కాగితం మీద మరక వదులుతుంది కనుక ఆ మరకను చూసి ఏదీ తేల్చలేం.

పికప్‌ను ఉన్నట్టుండి పడగొట్టే మలినం నీరు. డీజిల్లో నీరు మూడు రూపాల్లో ఉంటుంది. కొంత కరిగి కనబడకుండా, కొంత సన్నని తుంపరగా చెదిరి, మిగిలింది అడుగున పొరగా. భారతీయ ప్రమాణం కిలోకు 200 మిల్లీగ్రాములకు మించి నీరు ఉండకూడదంటుంది. వేడిగా ఉన్నప్పుడు డీజిల్ ఎక్కువ నీటిని కరిగించుకుంటుంది. రాత్రి చల్లబడగానే మిగులు నీరు చుక్కలై కిందికి దిగుతుంది. సగం ఖాళీగా ఉంచిన ట్యాంకులోకి వానాకాలపు తేమ గాలి చేరి గోడలకు చెమటలా పట్టడం మరో దారి. బయోడీజిల్ కలిసిన ఇంధనం మామూలు డీజిల్ కంటే ఎన్నో రెట్లు నీటిని పట్టుకుంటుంది. బంకు భూగర్భ ట్యాంకు మూత దగ్గర వరద నిలిచిందంటే అది మరో పెద్ద ద్వారం. అమీర్‌పేటలోని మైత్రీవనం చుట్టుపక్కల గట్టి వాన పడినప్పుడల్లా నీళ్లు నిలుస్తాయని ఈ ప్రాంతం వారికి వేరే చెప్పనక్కర్లేదు. 2020 అక్టోబరు 13, 14 తేదీల వరదలో నగరంలో వేలాది వాహనాలు మునిగాయి. అలా మునిగిన బండ్లను సీట్లు మార్చి, ఇంజన్ కడిగి అమ్మేస్తే, ట్యాంకు గాలిగొట్టం గుండా చేరిన నీటి సంగతి కొన్నవారికి ఎవరు చెబుతారు? నీరు పంపులోకి చేరితే కందెన పొర తెగుతుంది, తుప్పు మొదలవుతుంది. బాగా కాగిన ఇంజెక్టర్ కొన దగ్గర అది వేడి పెనం మీద చుక్కలా ఒక్కసారిగా ఆవిరై కొనను దెబ్బతీయగలదు.

నీటితోపాటు ప్రాణం కూడా వస్తుంది. డీజిల్, నీరు కలిసే సరిహద్దు పొరలో అమార్ఫోథెకా రెసినే అనే బూజు పెరుగుతుంది. డీజిల్లోని హైడ్రోకార్బన్లే దానికి తిండి, నీరు నివాసం. అది విడిచే జిగురు, ఆమ్లాలు ఫిల్టర్‌ను మూసేసి ట్యాంకును తినేస్తాయి. విమానాల ఇంధన ట్యాంకుల్లో దశాబ్దాలుగా ఇంజనీర్లను వేధించిన జీవి ఇది. ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. ఫిల్టర్ నల్లగా ఉన్నంత మాత్రాన బూజు అనుకోకూడదు. కామన్ రైల్లో కాగిన డీజిల్ కొంత మళ్లీ ట్యాంకులోకి తిరిగొస్తుంది. ఆ వేడికి అది ఆక్సీకరణం చెంది నల్లని మడ్డి వదులుతుంది. వేళ్ల మధ్య జారే జిగురు, పీచులా సాగే తెరలు, కుళ్లు వాసన ఉంటే బూజు. మసిలా పొడిగా ఉంటే వయసు మళ్లిన ఫిల్టర్, అంతే.

అందుకే నమూనా. బండిని ఒక రాత్రి కదపకుండా ఉంచాలి. పొద్దున తాళం తిప్పకముందే ఫిల్టర్ అడుగున ఉండే మరను కొద్దిగా వదులు చేసి, మొదట వచ్చిన డీజిల్‌ను పొడిగా ఉన్న గాజు సీసాలో పట్టాలి, తరువాత వచ్చినదాన్ని రెండో సీసాలో పట్టాలి. సీసా మీద తేదీ, కిలోమీటర్లు, చివరిసారి పోయించిన బంకు బిల్లు వివరాలు రాయాలి. గంటసేపు కదపకుండా ఉంచితే మంచి డీజిల్ వెనక పెట్టిన అక్షరాలు చదవగలిగేంత తేటగా ఉంటుంది. అడుగున వేరే పొర కనబడితే వంటింటి ఫుడ్ కలర్ చిటికెడు వేయాలి. ఆ రంగు డీజిల్లో కరగదు, నీటిలో కరుగుతుంది, అడుగు పొర రంగు తేలితే అనుమానం తీరుతుంది. మెరిసే రేణువులు కనబడితే అయస్కాంతం దగ్గర పెట్టి చూడాలి. మర వదులు చేశాక లోపలికి గాలి పడుతుంది కనుక చేతిపంపుతో దాన్ని తరిమి మళ్లీ బిగించాలి. ఇదంతా తక్కువ ఒత్తిడి వైపు మాత్రమే. పాత పంపుల కాలంలో ఇంజన్ నడుస్తుండగా ఇంజెక్టర్ పైపు నట్టు వదులు చేసి ఏ సిలిండర్ పనిచేయడం లేదో కనిపెట్టేవారు. కామన్ రైల్ బండిలో ఆ పని ప్రాణాంతకం. ఆ ఒత్తిడితో చిమ్మిన డీజిల్ చర్మాన్ని చీల్చుకుని కండలోకి దిగుతుంది. మరో మాట, చూడడం అయ్యాక ఆ డీజిల్‌ను మోరీలో పోయకండి. ఈ వైపు నాలాలు హుస్సేన్ సాగర్‌లో కలుస్తాయి.

సీసా తేటగా ఉంటే నింద ఇంధనం మీద నుంచి జరిగి తరచు రోడ్డు మీదకు చేరుతుంది. అమీర్‌పేట నుంచి పంజాగుట్ట దాకా రెండు కిలోమీటర్లు కూడా లేని దారిలో సాయంత్రం పూట బండి రెండో గేరు దాటదు. బీఎస్-6 డీజిల్ బండ్లలో పొగగొట్టానికి మసిని పట్టే వడపోత ఉంటుంది. పట్టిన మసిని అది 600 డిగ్రీల దగ్గర కాల్చుకోవాలి. దానికి బండి కొంతసేపు ఆగకుండా, ఒక వేగంతో పోవాలి. ఈ రోడ్ల మీదే తిరిగే బండికి ఆ అవకాశం రాదు. కాల్చడం మొదలై మధ్యలో ఆగిపోతూ ఉంటే, అందుకోసం అదనంగా చిమ్మిన డీజిల్ ఇంజన్ ఆయిల్లోకి జారుతుంది. డిప్‌స్టిక్ మీద ఆయిల్ మట్టం తగ్గవలసింది పోయి పెరిగి, డీజిల్ వాసన వస్తే ఇదే గుర్తు. మసి నిండిన కొద్దీ ఇంజన్ ఊపిరాడక శక్తి తగ్గుతుంది, చివరకు కంప్యూటరు తానే శక్తికి కళ్లెం వేస్తుంది. పాత బీఎస్-4 బండ్లలో ఈ వడపోత సాధారణంగా ఉండదు. కానీ వాడిన పొగను తిరిగి లోపలికి పంపే ఈజీఆర్ వాల్వు మసిపట్టి తెరుచుకునే ఉండిపోవడం ఇదే రోడ్ల ఫలితం. ఇలాంటి బండి ట్యాంకు ఎన్నిసార్లు కడిగినా పికప్ రాదు.

మరి విడదీయడం ఎలా? ఇంధనం అందని బండి ఖాళీగా నిలబడి బాగానే నడుస్తుంది, సాదా రోడ్డు మీదా లాగుతుంది, పంజాగుట్ట ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు నలుగురు కూర్చుని ఉంటే చతికిలబడుతుంది. అవసరం పెరిగినప్పుడే కొరత బయటపడుతుంది కనుక. టర్బో గొట్టం చీలి గాలి కారిపోయే బండీ అక్కడే చతికిలబడుతుంది గానీ అది నల్లపొగ కక్కుతుంది. బీఎస్-6 బండిలో వడపోత ఆ పొగను దాచేస్తుంది కనుక పొగరంగు పాఠం అక్కడ పనికిరాదు. అప్పుడు స్కానర్ పెట్టి, బండి ఎత్తు ఎక్కుతుండగా రెండు జతల అంకెలు చూడాలి. రైల్లో కంప్యూటరు కోరిన ఒత్తిడి ఎంత, వచ్చింది ఎంత? టర్బో ఇవ్వవలసిన గాలి ఎంత, ఇచ్చింది ఎంత? మొదటి జతలో తేడా వస్తే ఇంధనం దారి, రెండో జతలో వస్తే గాలి దారి. రెండూ సరిపోయి బండి లాగకపోతే క్లచ్ జారుతోందా, బ్రేకు పట్టేసిందా అన్నది చూడాలి. ఇంజన్ వేగం పెరిగి బండి వేగం పెరగకపోతే ఆ లోపం ఇంజన్లో లేదు.

స్కానరే చెబుతుంటే సీసా ఎందుకన్న అభ్యంతరం సహజం. స్కానర్ పీ0087 అని చూపిస్తే దాని అర్థం రైల్లో ఒత్తిడి తక్కువైందని మాత్రమే. ఫిల్టర్ మూసుకుపోయినా, ట్యాంకు పంపు నీరసించినా, పెద్ద పంపు అరిగినా, ఇంజెక్టర్లు వెనక్కి కారిపోతున్నా, సెన్సర్ చెడినా అదే కోడ్. ఆ కోడ్ చూసి నేరుగా పంపు మార్చేవారు లక్షణానికి ఖరీదు కడుతున్నారు. వరస ఇలా ఉండాలి: ముందు సీసా, తరువాత ఫిల్టర్‌కు చేరే ఒత్తిడి, ఆ తరువాత ఒక్కో ఇంజెక్టర్ వెనక్కి వదిలే డీజిల్‌ను వేర్వేరు గొట్టాల్లో పట్టి పోల్చడం. నాలుగింటిలో ఒకటి మిగతావాటికి రెండు మూడింతలు వదిలితే దోషి అదొక్కటే, నాలుగూ మార్చనక్కర్లేదు. అనుభవం ఉన్న మెకానిక్ చెవికి ఇవన్నీ అనవసరమని ఇంకొందరంటారు. ఆ చెవి మీద నాకు గౌరవం ఉంది. ఇంజెక్టర్ టకటకను అది ఏ యంత్రం కంటే ముందే పట్టగలదు. కానీ డీజిల్లో చేరిన నీటికి శబ్దం లేదు. ఫిల్టర్ మార్చడానికి అయ్యే ఖర్చు కొద్దిదే కదా, ముందు మార్చేస్తే పోలా అన్నది మూడో అభ్యంతరం, మూడింటిలోకీ గట్టిది. మార్చండి. కానీ పాతదాన్ని పారేయకుండా కోసి చూడండి. కొత్త ఫిల్టర్‌తో బండి కుదురుకుని నెలలోపే మళ్లీ మూసుకుపోతే, ట్యాంకులో ఏముందో చెప్పేది ఆ పాత ఫిల్టరే.

పెద్ద ఖర్చు న్యాయమైన సందర్భం కూడా ఒకటుంది. సీసాలో మెరిసే ఉక్కు రేణువులు అయస్కాంతానికి అతుక్కుంటే పంపు తనను తానే అరగదీసుకుంటోందని అనుమానించాలి. పంపు లోపలికి వెళ్లే దారిలోని జల్లెడ విప్పి చూస్తే రుజువవుతుంది. అప్పుడు పంపు ఒక్కటీ మార్చి ఊరుకుంటే ఉపయోగం లేదు. ఆ రేణువులు రైల్లోకీ ఇంజెక్టర్లలోకీ చేరి, తిరుగు గొట్టం గుండా ట్యాంకులోకీ పోయి ఉంటాయి. కొత్త పంపు వాటినే మళ్లీ మింగుతుంది. మొత్తం వ్యవస్థ శుభ్రం కావాలి. మెకానిక్ ఇంత పెద్ద మొత్తం అడిగితే అది దోపిడీ కాకపోవచ్చు. ఆ రేణువుల్ని చూపించమని అడగడం మాత్రం మన హక్కు.

బండి కొనకముందే ఈ సీసా పట్టగలిగితే ఇంకా మేలు. జాతీయ హరిత ట్రిబ్యునల్ 2015 ఆదేశం, దాన్ని నిలబెట్టిన సుప్రీంకోర్టు 2018 ఉత్తర్వు తరువాత ఢిల్లీ ప్రాంతంలో పదేళ్లు నిండే డీజిల్ బండ్లు ఇతర రాష్ట్రాలకు చవకగా తరలాయి. వాటి మెరుగు చూసి లోపలి సంగతి చెప్పలేం. అమ్మేవారు కోడ్లు చెరిపేసి చూపిస్తే బెదరనక్కర్లేదు. కోడ్లు చెరిపాక ఎన్ని కిలోమీటర్లు నడిచిందో చాలా బండ్ల కంప్యూటర్లు లెక్క దాచుకుంటాయి, స్కానర్లో ఆ అంకె అడగవచ్చు. అది పదిహేను కిలోమీటర్లని చూపిస్తే ఎందుకు చెరిపారో అడగవలసిన ప్రశ్న మన చేతికి వచ్చినట్టే.

నిజంగా బంకు డీజిల్లోనే నీరుందని తేలితే మన సీసా ఒక్కటే నేరాన్ని రుజువు చేయదు. ఆ నీరు నెలల నుంచి మన ట్యాంకులో పేరుకున్నది కాదని ఎలా చెప్పగలం? అదే రోజు అదే బంకులో పోయించుకున్న ఇతర బండ్లు కూడా ఆగిపోయాయా అన్నది మొదటి ఆధారం. బిల్లు రెండోది. మూడోది బంకు ట్యాంకులోంచి అధికారికంగా తీసే నమూనా. 2005 నాటి పెట్రోలు, డీజిల్ సరఫరా నియంత్రణ ఉత్తర్వు అందుకు అధికారులకు అధికారమిచ్చింది. చమురు కంపెనీకీ పౌర సరఫరాల శాఖకూ ఫిర్యాదు ఆ రోజే వెళ్లాలి, వారం ఆగితే లాభం లేదు. చర్లపల్లి చమురు డిపో నుంచి మరో ట్యాంకరు వచ్చి ఆ భూగర్భ ట్యాంకును నింపాక, అందులోంచి తీసిన నమూనా నిన్నటి డీజిల్ గురించి చెప్పగలిగేది చాలా తక్కువ.